నవంబరులో చప్పబడే లీగ్‌కు మందు ఆగస్టులోనే వేయాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్ దగ్గరపడగానే ఫాంటసీ ఫుట్‌బాల్ (నిజం ఆటగాళ్లతో ఊహా జట్టు కట్టి, మైదానంలో వాళ్ల ఆటను బట్టి పాయింట్లు లెక్కించుకునే పోటీ) మీద రాతలు కుప్పలుతెప్పలుగా వస్తాయి. దాదాపు అన్నిట్లోనూ ఒకటే విషయం: డ్రాఫ్ట్‌లో, అంటే వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు, ఎవరిని ముందు తీసుకోవాలి, ఎవరి జోలికి పోకూడదు. ఆడేవాళ్లకు అది కావలసిందే. లీగ్ నడిపే కమిషనర్‌కు పనికొచ్చే ముక్క మాత్రం దొరకడం కష్టం. 12 మందితో సందడిగా మొదలైన లీగ్ నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ నాటికి నలుగురైదుగురి ఆటగా మిగలడం చాలాచోట్ల జరిగేదే. అందుకు ఆటగాళ్ల ఎంపికను తప్పుపట్టి లాభం లేదు. లోపం నియమాల్లో ఉంటుంది.

ఒక జట్టు మొదటి ఎనిమిది వారాల్లో ఆరు ఓడిపోయిందనుకుందాం. ప్లేఆఫ్స్ (చివరి నాకౌట్ దశ) ఆశ పోగానే ఆ యజమాని లైనప్ (ఆ వారం బరిలో ఉంచే ఆటగాళ్ల జాబితా) చూడడం మానేస్తాడు. సాధారణంగా 5వ వారం నుంచి 14వ వారం దాకా ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లకు వంతులవారీగా బై వారాలు (ఆట లేని వారాలు) నడుస్తుంటాయి. సెలవులో ఉన్న ఆటగాళ్లు అతని లైనప్‌లో అలాగే ఉండిపోతారు, ఎదుటివాడికి ఊరికే గెలుపు దక్కుతుంది, ఆ గెలుపు పుణ్యమా అని ప్లేఆఫ్స్ చోటు పోగొట్టుకునేది ఏ పాపం ఎరగని మూడో మనిషి. కాబట్టి అట్టడుగు జట్టుకు కూడా ఆదివారం లైనప్ పెట్టుకోవడానికి ఏదో ఒక కారణం మిగల్చడమే కమిషనర్ చేయాల్సిన మొదటి పని.

దానికి మార్గాలున్నాయి. ప్లేఆఫ్స్‌కు 6 జట్లు వెళ్లేచోట 5 స్థానాలు గెలుపోటములను బట్టి, ఆరోది మిగిలినవాళ్లలో మొత్తం పాయింట్లు ఎక్కువున్న జట్టుకు ఇవ్వండి. బాగా ఆడుతూ దురదృష్టం కొద్దీ ఓడుతున్నవాడికి చివరి వారం దాకా ఆశ ఉంటుంది. ఇంకా మంచిది మీడియన్ ఆట. ప్రతి వారం ఎదుటి జట్టుతో ఒక ఫలితం, ఆ వారం లీగ్ మధ్యస్థ స్కోరుతో మరో ఫలితం. 14 వారాలకు 28 ఫలితాలు వస్తాయి, అదృష్టం పాలు బాగా తగ్గుతుంది. 130 పాయింట్లు కొట్టి కూడా 131 కొట్టినవాడి చేతిలో ఓడినప్పుడు కలిగే ఉక్రోషం సగం చల్లారుతుంది.

డబ్బు పెట్టి ఆడే లీగ్ అయితే బహుమతంతా ఒక్కడికే కట్టబెట్టకూడదు. తలకు 50 డాలర్ల చొప్పున 600 డాలర్లు చేరాయనుకోండి. 14 వారాల పాటు వారానికి 10 డాలర్లు ఆ వారపు అత్యధిక స్కోరుకు ఇస్తే 140 పోతుంది. మిగిలిన 460లో విజేతకు 300, రెండో స్థానానికి 110, సీజన్ మొత్తం పాయింట్లలో మొదటివాడికి 50. వారపు 10 డాలర్లే అట్టడుగు జట్టును నిద్ర లేపుతాయి. సొమ్ము మాత్రం డ్రాఫ్ట్‌కు ముందే వసూలు కావాలి, కమిషనర్ దగ్గర కాకుండా అందరూ ఒప్పుకున్న మరొకరి దగ్గర ఉండాలి. బాకీ ఉన్నవాడు ఓడడం మొదలుపెడితే ఫోన్ కూడా ఎత్తడు.

చివరి స్థానానికి శిక్ష విధించడం ఈమధ్య ఫ్యాషన్. నవ్వుకునేదైతే సరే, డ్రాఫ్ట్‌కు ముందే అందరూ ఒప్పుకుంటే ఇంకా మంచిది. పరువు తీసే శిక్ష పెడితే మరుసటి ఏడాది ఆ మనిషే ఉండడు. మా ఓటు శిక్షకన్నా ఓడిన జట్ల మధ్య పోటీకే. అందులో గెలిచిన జట్టుకు వచ్చే ఏడాది డ్రాఫ్ట్‌లో తన వరుస తానే ఎంచుకునే హక్కు ఇవ్వాలి. ఆ హక్కును నేరుగా ఆఖరి స్థానంవాడికి ఇస్తే కావాలని ఓడడాన్ని ప్రోత్సహించినట్టే.

ఇక డ్రాఫ్ట్. వేదిక ఏదన్నది తర్వాత, ముందు తేదీ ఖాయం కావాలి. ఆఖరి ప్రీసీజన్ (సన్నాహక) ఆట అయ్యాక, సీజన్ మొదటి ఆటకు ముందు పెట్టాలి. 2021 ఆగస్టు 28న రేవన్స్ జట్టు రన్నింగ్ బ్యాక్ (బంతితో పరిగెత్తే ఆటగాడు) జె.కె. డాబిన్స్ ఆఖరి ప్రీసీజన్ ఆటలో మోకాలి గాయంతో ఆ సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. తొందరపడి ముందే డ్రాఫ్ట్ కానిచ్చిన లీగుల్లో అతన్ని తీసుకున్నవాళ్లు సీజన్ మొదలుకాకుండానే నష్టపోయారు. 12 జట్లు, 15 రౌండ్లు అంటే 180 ఎంపికలు. ఎంపికకు 90 సెకన్లు ఇస్తే నాలుగున్నర గంటలు పట్టవచ్చు, 60 సెకన్లు ఇస్తే మూడు గంటలకు మించదు. 60 చాలు. వరుసను కనీసం వారం ముందు అందరి ఎదుట చీటీలు తీసి ప్రకటించాలి. తలా 200 డాలర్ల ఉత్తుత్తి బడ్జెట్‌తో జరిగే వేలం పద్ధతి స్నేక్ డ్రాఫ్ట్ (రౌండు రౌండుకూ వరుస తిరగబడే ఎంపిక) కంటే న్యాయమైనదే, ఏ ఆటగాడైనా ఎవరికైనా అందుబాటులో ఉంటాడు. కానీ అందరూ హాజరైతేనే అది పండుతుంది. ఇద్దరు ఎంపికను కంప్యూటర్‌కు వదిలేసి వెళ్లిపోతే ధరలన్నీ గాడి తప్పుతాయి.

పాయింట్ల లెక్క డ్రాఫ్ట్‌కు ముందు అందరికీ పంపాలి. 25 పాసింగ్ (బంతి విసిరి సాధించే) గజాలకు 1, రన్నింగ్, రిసీవింగ్ (పరిగెత్తి, బంతి అందుకుని సాధించే) 10 గజాలకు 1, టచ్‌డౌన్‌కు 6, పాసింగ్ టచ్‌డౌన్‌కు 4 అన్నవి చాలాచోట్ల ఒకటే. క్యాచ్‌కు ఒక పాయింటా, అర పాయింటా, అసలు లేదా అన్నదీ, ఇంటర్‌సెప్షన్‌కు (విసిరిన బంతి ఎదుటి జట్టుకు చిక్కడం) ఎంత కోత అన్నదీ లీగ్ నడిపే వెబ్‌సైటు లేదా యాప్‌ను బట్టి మారతాయి. ఆ సెట్టింగులు చూడకుండా లీగ్ తెరిచేసి, మూడో వారంలో ‘ఇదేంటి’ అంటే దిద్దే దారి ఉండదు. మాకు అర పాయింటే సమంజసం. పూర్తి పాయింటు ఇస్తే ఒక్క గజం కూడా ముందుకు పోని క్యాచ్, 10 గజాల పరుగుతో సమానమవుతుంది.

వేవర్లకు, అంటే ఎవరి జట్టులోనూ లేని ఆటగాళ్లను తీసుకోవడానికి, ఒక్కొక్కరికి సీజన్ మొత్తానికి 100 ఉత్తుత్తి డాలర్లిచ్చి, గుట్టుగా బిడ్లు వేయించే పద్ధతి మేలు. బుధవారం తెల్లవారుజామున బిడ్లు తెరుచుకుంటాయి. సున్నా బిడ్లను అనుమతించడం మరవకండి, లేకపోతే అక్టోబరులోనే చేతులు ఖాళీ చేసుకున్నవాళ్లు ఇక అటువైపు చూడరు. బిడ్లు సమానమైతే పట్టికలో కింద ఉన్న జట్టుకే ఆటగాడు దక్కాలి.

లీగులు విడిపోయేది ఎక్కువగా ట్రేడ్ల (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) దగ్గరే. ఓటింగ్‌తో ట్రేడ్లను రద్దుచేసే పద్ధతిని ఎత్తేయమని మా గట్టి సలహా. ఓటేసేవాడు న్యాయం చూడడు, తన ప్రత్యర్థి బలపడతాడా లేదా అన్నదే చూస్తాడు. తెలివితక్కువ ట్రేడ్ తప్పు కాదు, కుమ్మక్కు తప్పు. ఆశ వదులుకున్న జట్టు తన మేటి ఆటగాణ్ని ఉత్తపుణ్యానికి స్నేహితుడి చేతిలో పెట్టడం, బై వారానికి ఆటగాణ్ని అరువిచ్చి మళ్లీ వెనక్కి తీసుకోవడం, బయట డబ్బు చేతులు మారడం కుమ్మక్కు గుర్తులు. అనుమానం వస్తే ఇద్దరినీ విడివిడిగా కారణం అడగండి. ఇద్దరి జట్లకూ అర్థమున్న జవాబు వస్తే వదిలేయండి. కమిషనర్ సొంత ట్రేడ్ మీద ఫిర్యాదు వస్తే తేల్చడానికి ఇద్దరి పేర్లు ముందే రాసి ఉంచాలి. ట్రేడ్ల గడువు 11వ వారం దగ్గర ముగియాలి, పోటీ నుంచి తప్పుకున్న జట్లకు ఆటగాళ్లను వదిలేసే వీలు కూడా మూసేయాలి.

1962లో న్యూయార్క్‌లోని ఒక హోటల్లో ఈ ఆటకు రూపమిచ్చిన ఓక్లండ్ రైడర్స్ భాగస్వామి బిల్ వింకెన్‌బాక్ బృందం ముందు నియమాలు రాసుకుంది, మొదటి డ్రాఫ్ట్ జరిగింది మరుసటి ఏడాది ఆగస్టులో. ఆ బృందంలో ఒకరు పత్రికా విలేకరి, స్కాటీ స్టిర్లింగ్. మీ వృత్తివాళ్లకు ఈ ఆటలో అంత పాత వాటా ఉంది.

నియమం లేనిచోట ఏం జరుగుతుందో 2023 జనవరి 2న తెలిసింది. 17వ వారం, ఎన్నో లీగుల్లో ఫైనల్. బిల్స్, బెంగాల్స్ ఆటలో బిల్స్ ఆటగాడు డామర్ హామ్లిన్ గుండె ఆగి మైదానంలో కుప్పకూలాడు. ఆట ఆగింది, తర్వాత రద్దయింది. ఒక మనిషి ప్రాణం ముందు ఫాంటసీ లెక్కలు ఎంత అన్నది నిజమే. అయినా ఆ రెండు జట్ల క్వార్టర్‌బ్యాక్‌లు జాష్ ఆలెన్, జో బరోలను లైనప్‌లో పెట్టుకున్నవాళ్ల ఫలితం ఎవరో ఒకరు తేల్చక తప్పలేదు. ఆ రాత్రి నియమం రాయబోవడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే. ఆట రద్దయితే ఆ ఆటగాడి సీజన్ సగటు ఇస్తాం, లేదా ఫైనల్ బహుమతిని చెరిసగం పంచుతాం అని ఒక్క వాక్యం ముందే ఉంటే చాలు.

ప్లేఆఫ్స్ 15, 16, 17 వారాల్లో పెట్టండి, 18 వద్దు. స్థానం ఖాయమైన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఆ వారం మేటి ఆటగాళ్లకు విశ్రాంతి ఇస్తాయి. గణాంకాల్లో సవరణలు వారం మధ్యలో కూడా వస్తాయి కాబట్టి అర పాయింటు తేడాతో తేలిన ఫైనల్ బహుమతిని మంగళవారమే పంచేయకండి.

సీజన్ నడుస్తుండగా పని తక్కువే, కానీ తప్పకూడదు. లైనప్ చూసుకోమని గురువారం మధ్యాహ్నం ఒక సందేశం, ఆదివారం ఉదయం ఇంకొకటి. యూరప్‌లో జరిగే ఆటలు తూర్పు తీరపు సమయం ప్రకారం ఉదయం 9:30కే మొదలవుతాయి. పశ్చిమ తీరంలో అప్పటికి 6:30, సగం మంది నిద్రలోనే ఉంటారు. ఆ రోజు గుర్తుచేసే సందేశం ముందు రాత్రే వెళ్లాలి. బరిలోకి దిగనివాళ్ల జాబితా ఆటకు 90 నిమిషాల ముందు వస్తుందని కొత్తవాళ్లకు చెప్పి ఉంచండి. గురువారం ఆడేవాణ్ని ఫ్లెక్స్‌లో (ఒకటికన్నా ఎక్కువ స్థానాల ఆటగాళ్లను పెట్టుకోగల చోటు) పెట్టకూడదని కూడా చెప్పండి. అతను ఆ చోట లాక్ అయిపోతే ఆదివారం ఎవరైనా గాయపడినప్పుడు సర్దుకోవడం కష్టమవుతుంది.

మంగళవారం పది వాక్యాల సమీక్ష రాసి పంపండి. అందులో గెలిచినవాడికన్నా బెంచ్ మీద 30 పాయింట్లు వదిలేసి ఓడినవాడి గురించే ఎక్కువ ఉండాలి. జనం చదివేది అదే.

సీజన్ మధ్యలో ఏ నియమమూ మార్చకండి. ప్రతిపాదనలన్నీ రాసిపెట్టుకుని జులైలో ఓటుకు పెట్టండి. 12 మందిలో 8 మంది ఒప్పుకుంటేనే మార్పు, కమిషనర్‌దీ ఒక్క ఓటే. వచ్చే ఏడాది ఎవరుంటారో జనవరిలోనే అడిగేస్తే ఖాళీ చోట్లకు మనుషులను వెతకడానికి ఆరు నెలలకు పైగా గడువు దొరుకుతుంది.

ఇట్లు
కొందరు ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్ కమిషనర్లు