అది హోవిట్జర్ కాదు మహాప్రభో

అయ్యా,

పోయిన ఆదివారం ఉక్రెయిన్ యుద్ధం కథనంలో బురదలో దిగబడిన గన్ ఫోటో వేసి, కింద ‘రెండో ప్రపంచ యుద్ధం నాటి హోవిట్జర్’ అని రాశారు. ఒక్క లైనులో రెండు తప్పులు. ఎవరైనా ఉత్తరం రాస్తారేమోనని నాలుగు రోజులు చూశాను. ఎవరికీ పట్టలేదు. ఆర్టిలరీలో ఇరవై రెండేళ్లు గొట్టాలు తుడిచినవాణ్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

అది ఎంటీ-12 రపీరా. సోవియట్‌ వాళ్లు ట్యాంకుల్ని కొట్టడానికి చేసిన 100 ఎం.ఎం. గన్. హోవిట్జర్ గుండును పైకి లేపి కొండ అవతల పడేస్తుంది. ఇది ఎదురుగా కనబడే ట్యాంకును సూటిగా కొడుతుంది. దీని అన్న టీ-12 సైన్యంలోకి వచ్చింది 1961లో. హిట్లర్ పోయి అప్పటికి పదహారేళ్లు!

అంతకుముందు ఈ రకం గన్నుల గొట్టాల్లో గుండును గిరగిరా తిప్పడానికి మెలి తిరిగిన గాట్లుండేవి. దీనికి లేవు, నీళ్ల పైపులా నున్నగా ఉంటుంది. ట్యాంకుల కవచం మందమయ్యేకొద్దీ గుండుకు వేగం కావాల్సొచ్చింది. అందుకని తోకకు రెక్కలున్న బాణంలాంటి గుండు పెట్టారు. అది గిరగిరా తిరగక్కర్లేదు, సెకనుకు కిలోమీటరున్నర పోతుంది. అయితే టీ-12 చట్రం పాత 85 ఎం.ఎం. గన్‌ది. కొత్తగా వచ్చిన లాగుడు బళ్ల స్పీడుకు సరిపోలేదు. చట్రం మార్చి ఎంటీ-12 చేశారు. దీని కాళ్లు విప్పగానే సస్పెన్షన్ దానంతటదే లాకవుతుంది. చీకట్లో, తడి మట్టిలో గన్ను నిలబెట్టినవాడికే ఆ సుఖం తెలుస్తుంది. మిసైళ్లు వచ్చాక కూడా దీన్ని మూల పడెయ్యలేదు, ఇదే గొట్టంలోంచి లేజర్‌తో నడిచే మిసైల్ కూడా వదిలారు.

ఇదంతా వెతికితే పది నిమిషాల పని. వెతికేవాళ్లేరీ? పేపర్లో ప్రూఫులు చూసేవాళ్లుండే రోజులు పోయాయి. మిమ్మల్ని అని మాత్రం ఏం లాభం! మా ఊరి పార్కులో ఓ పాత గన్ను ఉంది. దానికి సిల్వర్ పెయింట్ కొట్టి, గొట్టం మూతికి సిమెంటు కూరి, ‘యుద్ధ ట్యాంకు’ అని బోర్డు పెట్టారు. రెండేళ్లలో మూడు అర్జీలిచ్చాను. మూడోసారి ఆఫీసరుగారు ‘గొట్టం ఉందిగా, ట్యాంకే కదా’ అన్నారు.

సవరణ మొదటి పేజీలో అక్కర్లేదు. రాశిఫలాల పక్కన వేసినా చాలు. కాకపోతే పేరు సరిగ్గా వెయ్యండి: రపీరా. ‘రఫీరా’ కాదు.

– ఒక రిటైర్డ్ హవల్దార్, పశ్చిమ గోదావరి జిల్లా