శాలువాలన్నీ పష్మీనా కావు

సంపాదకులకు,

మన కోనసీమ సన్మాన సభల్లో కప్పే ప్రతి శాలువానూ పష్మీనా అనేస్తున్నారు. అసలు పష్మీనా లడఖ్‌లోని చాంగ్‌తాంగ్‌లో, దాదాపు 15,000 అడుగుల ఎత్తున, చాంగ్‌పా సంచార కాపరులు మేపే మేకల ఒంటి మీది లోపలి నూగు. గొర్రెబొచ్చులా కత్తిరిస్తే ముతక వెంట్రుకలు కలిసిపోతాయి. అందుకే చలి తగ్గి నూగు వదులయ్యాక, మేకను పక్కకు పడుకోబెట్టి, కాళ్లు కట్టి, ఇనుప పళ్ల దువ్వెనతో ఓపిగ్గా దువ్వుతారు. మోటుగా లాగితే చర్మం గీరుకుపోతుంది. ఆలస్యమైతే నూగు దానంతటదే రాలిపోతుంది. మేకకు పావుకిలో అటూఇటుగా వస్తే, ముతక వెంట్రుక, మట్టి తీసేశాక అందులో సగం కూడా మిగలదు. పైగా మంచు గడ్డిని కప్పేసిన ఏడాది మేకపిల్లలు ఆకలికి, చలికి చచ్చిపోతాయి. అంత కష్టం పేరును మిల్లు బట్టకు తగిలించడం అన్యాయం. శాలువా ఏ రకం దారంతో నేసిందో దుకాణదారులు చీటీ మీద రాయాలి.

– కొందరు పాఠకులు, అమలాపురం