కోలారు గనుల్లో ఒక్క షాఫ్టునైనా మిగల్చండి: కేంద్ర గనుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

నేను చిత్తూరు జిల్లా వి.కోట ప్రాంతానికి చెందినవాణ్ణి. మా తాత కోలారు బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్‌లో కూలీగా చేరి అక్కడే ముసలివాడయ్యాడు. మా ఊళ్లో ఉన్న రెండెకరాల మెట్ట ఆ గని డబ్బుతో కొన్నదేననీ, చివరిదాకా ఆయనను వదలని దగ్గు కూడా ఆ గనిలో పట్టుకున్నదేననీ ఇంట్లో చెప్పుకునేవారు. పోయిన ఆషాఢంలో పిల్లలిద్దరికీ ఆ ఊరు చూపిద్దామని తీసుకువెళ్లాను. చూపించడానికి ఏ గేటూ తెరిచి లేక వెనక్కి వచ్చాను. ఆ నిల్వ ఉన్న బాధే ఈ లేఖ రాయిస్తోంది.

ఆ దారి మాత్రం చూడవలసిందే. ఇటు నుంచి వెళ్లేవారికి ముందు బేతమంగళం చెరువు కనబడుతుంది. పాలారు నీటిని అక్కడ నిలిపి, శుద్ధి చేసి, గనుల ఊరికి పంపేవారు. చుట్టూ బండరాళ్లు పేర్చినట్టుండే కొండలు, వాటి నడుమ దక్షిణోత్తరంగా సాగిన నల్లరాతి గట్టు, ఆ గట్టు మీద దొడ్డబెట్ట అనే కొండ. ఆ నల్లరాయి కోట్ల ఏళ్ల కిందటి అగ్నిపర్వతాల లావా నుంచి పుట్టిందే. అక్కడికి దగ్గరలోని పెద్దపల్లిలో దిండ్లలాగా గడ్డకట్టిన లావానూ, అగ్నిపర్వత శిలలనూ భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. తూర్పున మా కుప్పం, పలమనేరు వైపు కౌండిన్య అడవులు ఉన్నాయి, అక్కడి ఏనుగులు ఒక్కోసారి సరిహద్దు దాటి కామసముద్రం దాకా వెళ్తుంటాయి. ఇంతటి ప్రకృతి మధ్య ఉన్న ఊరిలో తెలియనివారు కొండలనుకునేవి మాత్రం కొండలు కావు. బల్లపరుపుగా, బూడిదరంగుగా, వాన కోసిన చాళ్లతో కనబడేవి సైనైడు దిబ్బలు. రాయిని పొడిచేసి, సైనైడుతో బంగారం లాగేశాక మిగిలిన పిండి అది.

ఈ మధ్య ‘కేజీఎఫ్’ సినిమా చూసి వచ్చే కుర్రకారు ఆ దిబ్బల మీదికెక్కి ఫొటోలు తీసుకుంటున్నారు. వారిని తప్పుపట్టను, ఎందుకంటే తెరిచి ఉన్నది ఆ దిబ్బలే. గనిలోకి దిగే నిలువు బావులైన షాఫ్టుల దగ్గర తాళాలు, కావలివాళ్లు. నేను వెళ్లిన చోట కావలి మనిషి మర్యాదగానే మాట్లాడాడు గానీ, అనుమతి ఎవరిని అడగాలో చెప్పమంటే ఆయనకే తెలియదు. పక్కనే కమ్మసంద్రంలో 108 అడుగుల లింగం ఉన్న కోటిలింగేశ్వరానికి మా జిల్లా నుంచే బస్సుల కొద్దీ జనం వెళ్తారు. దర్శనం చేసుకుని, పులిహోర పొట్లం విప్పి తిని, ఆ పక్కనే ప్రపంచంలోని అతి లోతైన గనుల్లో ఒకటి ఉందన్న సంగతి తెలియకుండానే ఇళ్లకు మళ్లుతారు.

ఆ ఊరిలో చెప్పుకోవలసింది ఎంత ఉందో మీ శాఖకు తెలియనిది కాదు. న్యూజిలాండ్ యుద్ధాల నుంచి వచ్చిన లావెల్ అనే మాజీ సైనికుడు మైసూరు ప్రభుత్వం దగ్గర తవ్వకానికి అనుమతి పొందింది 1875లో. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టింది. 1902లో శివనసముద్రం జలవిద్యుత్తు 147 కిలోమీటర్ల తీగల మీద నడిచి ఈ గనులకు చేరింది. బెంగళూరు వీధులకు ఆ వెలుగు అందడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. నేల కింద మూడు కిలోమీటర్లు దాటిన చోట రాయి వేడి 60 డిగ్రీలకు పైమాటే, ఆ రాయి ఒత్తిడి తాళలేక ఉన్నట్టుండి పేలితే దాన్ని ‘ఏర్‌బ్లాస్ట్’ అనేవారు. ఈ గనుల లోతునే టాటా పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వాడుకుని, 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాల జాడను పట్టుకున్నారు. దొరల బంగళాలు, క్లబ్బు ఒక వంక, ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తమిళ కూలీలు, మా వైపు తెలుగువారు తలవంచి దూరవలసిన ఇరుకు వరుస ఇళ్ల లైన్లు మరో వంక. 2001 ఫిబ్రవరి 28తో ఆ నూట ఇరవై ఏళ్ల కథ ఆగిపోయింది. ఆ గని వాళ్ల పిల్లలు ఇప్పుడు తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరులో పనికి పోతున్నారు.

ఈ లేఖ ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. 13 దిబ్బల్లోని దాదాపు 3.3 కోట్ల టన్నుల మట్టి నుంచి మళ్లీ బంగారం తీయించాలన్న మీ శాఖ ప్రతిపాదనకు 2024లో కర్ణాటక మంత్రివర్గం ఆమోదం తెలిపింది. దిబ్బలు తరగడాన్ని నేను వ్యతిరేకించను. ఆషాఢపు గాలికి ఆ పిండి లేచి ఇళ్లలోకి, వంటపాత్రల్లోకి వచ్చే ఊళ్లో, వాటిని అందమైన దృశ్యమని కాపాడమనడం బయటి నుంచి వచ్చి చూసిపోయేవాడికే చెల్లుతుంది. తీస్తున్నప్పుడు ధూళి మరింత లేవకుండా చూడాలని మాత్రం అడుగుతాను. నా భయం వేరు. మట్టితో పాటు స్థలాలూ, మిగిలిన యంత్రాలూ పాత ఇనుము కింద లెక్కతేలితే, ఆ తర్వాత ఎవరు ఎంత డబ్బు పెట్టినా ఆ గని తిరిగి రాదు.

కాబట్టి టెండరు ప్రకటన వెలువడే ముందే ఒక షాఫ్టునూ, దాని మీది ఇనుప గోపురాన్నీ, కూలీలు ఎక్కే ఇనుప పంజరాన్ని (కేజ్) దించి లేపిన యంత్రశాలనూ, దగ్గర్లోని ఒక కూలీ లైనునూ వేలం నుంచి మినహాయించి రక్షిత స్థలంగా ప్రకటించమని కోరుతున్నాను. లోతుల్లోకి జనాన్ని దించమనడం లేదు. నీరు నిండిన గనిలో అది సాధ్యమూ కాదు, క్షేమమూ కాదు. నేల మీద ఉన్నది చాలు. అక్కడ చూపించి చెప్పే పని పాత గని కార్మికులకూ, వారి పిల్లలకూ జీతం మీద అప్పగించండి. పర్యాటకం పేరు చెప్పి లైన్లలో కాపురమున్న ఒక్క కుటుంబాన్నీ కదిలించవద్దు. బోర్డులు కన్నడంతో పాటు తమిళంలోనూ తెలుగులోనూ ఉండాలి. చనిపోయినవారి పేర్లు దొరికినంతవరకు రాతి మీద చెక్కించాలి. అక్కడి నుంచి బేతమంగళం, పెద్దపల్లి, దొడ్డబెట్ట కలిపి ఒక రోజు దారి వేస్తే, కోటిలింగేశ్వరం వచ్చే జనంలో కొందరైనా ఇటు తిరుగుతారు.

2024 జులైలో న్యూఢిల్లీలో యునెస్కో ప్రపంచ వారసత్వ సంఘం సమావేశమైనప్పుడు జపాన్‌లోని సాదో ద్వీపపు బంగారు గనులకు ఆ జాబితాలో చోటు దక్కింది. మన రాజధానిలో కూర్చుని మనం వారికి చప్పట్లు కొట్టాం. కోలారు పేరు ఆ సమావేశంలో వినబడే అవకాశమే లేదు, ఎందుకంటే మనమింకా అక్కడ ఏది ఉంచుకోవాలో తేల్చుకోలేదు. మా సరిహద్దుకు ఇవతల చిగురుగుంట, బిసానత్తం బంగారు గనుల సంగతీ ఇంతే, వాటి గురించి మరోసారి రాస్తాను.

మా ఇంట్లో తాత పేరు, నంబరు ఉన్న ఒక పాత జీతపు చీటీ ఉంది. దాన్ని పెట్టుకోవడానికి ఆ ఊళ్లో ఒక గది సిద్ధమైందని మీ శాఖ కబురు పెట్టిన రోజున తెచ్చి అప్పగిస్తాను.

భవదీయుడు,
వి.కోట మండల వాసి