మున్సిపల్ లెక్కలు అడిగితే ఎదురు ప్రశ్నలా?

మున్సిపాలిటీ డబ్బు ఎక్కడ ఖర్చయిందని అడిగిన విలేకరిని "నీకెందుకు?" అని ఎదురడగడం ముందు ఆపాలి. సమాచార హక్కు చట్టం 2005 సెక్షన్ 6(2) ప్రకారం కారణం చెప్పాల్సిన పనే లేదు, అయినా దరఖాస్తు పెట్టగానే మా ఊళ్లో వినపడే మొదటి మాట అదే. ఒక వార్డులో కట్టిన డ్రెయిన్ బిల్లులు నేను అడిగితే గడువు 30 రోజులూ దాటాక ఒకే ఒక్క కాగితం చేతికొచ్చింది, అందులో మొత్తం అంకె ఉంది గానీ ఎం బుక్‌లోని (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) కొలతలు లేవు, ఎవరికి ఏ తేదీన చెల్లించారో లేదు. గడువు దాటితే సమాచారం ఉచితంగా ఇవ్వాలని సెక్షన్ 7(6) చెబుతున్నా జిరాక్సులకు డబ్బులు కట్టమన్నారు. కొత్త విలేకరులు "రోడ్ల ఖర్చు వివరాలు" అని గాలికి రాయకుండా ఆర్థిక సంవత్సరం, వార్డు, పని పేరు వేసి, ఎం బుక్ పేజీలు, బిల్లు, వోచర్, ఆడిట్ అభ్యంతరాలు విడివిడిగా అడగాలి. ఫైలు స్వయంగా చూసే హక్కూ ఉంది, దాన్ని వదలొద్దు. జవాబు రాకపోతే, ఆ గడువు ముగిసిన నాటి నుంచి 30 రోజుల్లోపే మొదటి అప్పీలు వేయాలి. అసలు ఇంత తిప్పలే అక్కర్లేదు, బడ్జెట్, చెల్లింపుల వివరాలు అడక్కుండానే బయటపెట్టాలని సెక్షన్ 4 ఎప్పుడో చెప్పింది. ప్రతి నెలా చెల్లించిన బిల్లుల జాబితా, అంటే పని, కాంట్రాక్టర్ పేరు, మొత్తం, ఎం బుక్ నంబరు, వెబ్‌సైట్‌లోనూ ఆఫీసు నోటీసు బోర్డు మీదా పెట్టాలని పురపాలక శాఖ కమిషనర్లందరికీ వెంటనే ఉత్తర్వు ఇవ్వాలి.

- ఒక స్థానిక విలేకరి