చింతూరు – మారేడుమిల్లి ఘాట్‌లో మమ్మల్ని ఆదుకున్న వాళ్లందరికీ

ఈ కార్తీకంలో ఖమ్మం నుంచి కాకినాడకు, అక్కడి నుంచి ఉప్పాడ సముద్రానికి కారులో బయల్దేరాం. నేను, మావారు, పిల్లలిద్దరు, అత్తయ్య, మామయ్య. ఈరోజు మామయ్య మా మధ్య క్షేమంగా ఉన్నారంటే చింతూరు, మారేడుమిల్లి మధ్య అడవిలో మాకు ఎదురైన మనుషులే కారణం. వాళ్లలో చాలామంది దీన్ని చదవకపోవచ్చు. ఆ దారిన తిరిగేవాళ్లు ఎవరైనా చదివితే వాళ్ల చెవిన వేస్తారని రాస్తున్నాను. వాళ్లను అడక్కుండా పేర్లు రాయడం భావ్యం కాదని రాయలేదు. ఎవరి గురించి చెబుతున్నానో వాళ్లకు తెలిసిపోతుంది.

మా ఊరి నుంచి గోదావరి జిల్లాలకు వెళ్లాలంటే సత్తుపల్లి, అశ్వారావుపేట మీదుగా సుఖంగా వెళ్లొచ్చు. భద్రాచలం మీదుగా ఘాట్ దారి పట్టింది మామయ్య కోసం. ఆయన సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. సర్వీసంతా పిల్లలకు మన్యం తిరుగుబాటు చెప్పారు గానీ మన్యాన్ని కళ్లారా చూడలేదు. రాములవారి దర్శనం చేసుకుని, ఇన్సులిన్ వేసుకుని, టిఫిన్ తిని ఉత్సాహంగా కారెక్కారు. భోజనానికి మారేడుమిల్లి చేరిపోతాం అనుకున్నాం.

చింతూరు దాటాక అడవి మొదలైంది. వానాకాలం వెళ్లినా పచ్చదనం ఇంకా తగ్గలేదు. మలుపు మలుపుకీ వెదురు పొదలు రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. సోకులేరు వాగు దగ్గర కాసేపు ఆగాం. ఆ తర్వాత ఎక్కుడు రోడ్డులో కారు వేడి ముల్లు పైకి లేచింది. మావారు వెంటనే పక్కకు తీసి ఆపేశారు. బానెట్ సందుల్లోంచి ఆవిరి. రేడియేటర్ కింది గొట్టం చీలి నీళ్లన్నీ రోడ్డు మీదికి కారిపోతున్నాయి. ఫోన్లు తీసి చూస్తే ఎవరి దానిలోనూ సిగ్నల్ లేదు.

మొదట ఆగింది కాకినాడ వైపు నుంచి లోడుతో వస్తున్న ఒక లారీ. డ్రైవరన్న కిందికి దూకుతూనే, "సార్, మూత మాత్రం ముట్టుకోకండి" అని అరిచాడు. ఆ ఒక్క మాటకే ఆయనకు ఎంత రుణపడ్డామో తర్వాత తెలిసింది. రేడియేటర్‌లో నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి కాబట్టి వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఆగుతాయి. మూత తిప్పగానే ఒత్తిడి పోయి, ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి. గొట్టం చీలినా లోపల ఇంకా ఎంతో కొంత వేడి నీళ్లు మిగిలే ఉంటాయట. ఆయన, క్లీనర్ కుర్రాడు కలిసి చక్రాల వెనక రాళ్లు పెట్టారు. చెట్టుకొమ్మలు విరిచి, కింది మలుపు దగ్గర ఒకటి, పై మలుపు దగ్గర ఒకటి రోడ్డు మీద పరిచి వచ్చారు. ఆ మలుపుల్లో ఎదురుగా వచ్చే బండి దగ్గరికొచ్చేదాకా కనపడదు. మా పిల్లలను రోడ్డు వైపు కాకుండా కొండ వైపు కూర్చోబెట్టింది కూడా ఆ క్లీనర్ కుర్రాడే. వాళ్ల డబ్బాలోని మంచినీళ్లు మాకు పోసి, ఇంకో బండి వచ్చి ఆగేదాకా కదల్లేదు. లోడుతో ఘాట్‌లో లారీ ఆపి నిలబడటం ఎంత ఇబ్బందో ఆ రోడ్డు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆ వచ్చింది భద్రాచలం నుంచి రాజమండ్రి వెళ్లే ఆర్టీసీ బస్సు. లోపల నిలబడటానికి కూడా చోటు లేదు. మామయ్య అప్పటికి బాగానే ఉన్నారు. కండక్టర్ గారు దిగొచ్చి, కారు ఏ కంపెనీదో, పోయిందేమిటో టికెట్ కాగితం వెనక రాసుకున్నారు. "మారేడుమిల్లిలో మెకానిక్‌కి నేనే చెప్తాను. మీరు ఇక్కడే ఉండండి, ఎక్కడికీ నడవకండి" అన్నారు. డ్రైవర్ గారు తన నీళ్ల సీసా కూడా మాకే ఇచ్చి వెళ్లారు. ఫోన్ పలకని ఆ రోడ్డులో కబురు ఇలా మనిషి చేతే నడుస్తుంది. చెప్పినట్టే మారేడుమిల్లిలో బస్సు ఆపి, కాగితం మెకానిక్ చేతికిచ్చి కదిలారు. ఆ కాగితాన్ని మెకానిక్ మాకు చూపించాడు.

అసలు గండం ఆ తర్వాత వచ్చింది. చెట్టు నీడన కూర్చుని మామయ్య పిల్లలకు అల్లూరి సీతారామరాజు కథ చెబుతున్నారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు... అక్కడ ఆగిపోయారు. ముప్పై ఏళ్లకు పైగా పాఠం చెప్పిన మనిషికి మూడో ఠాణా పేరు రాలేదు. మళ్లీ చింతపల్లి అన్నారు. చొక్కా అంతా చెమటతో తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి. బిస్కెట్ ఇస్తే నమలకుండా చేతిలో పట్టుకుని చూస్తున్నారు. అత్తయ్య ఏడుపు మొదలుపెట్టారు. నాకూ కాళ్లూ చేతులూ ఆడలేదు.

కారు ఆగిందని తెలిసి అప్పటికే కింద ఊళ్లోంచి కొందరు పైకి వచ్చారు. కొండరెడ్ల ఊరు అది, వెదురు తడికెల ఇళ్లు చెట్ల సందుల్లోంచి కనపడుతున్నాయి. వాళ్లలో ఒకావిడ ఆశా కార్యకర్త. మామయ్యను చూడగానే, "అక్కా, తాతకు షుగరుందా? సూది వేసుకుంటారా? ఎప్పుడు తిన్నారు?" అని మూడే మూడు ప్రశ్నలు అడిగింది. షుగర్ పడిపోయిందని తేల్చేసి, ఇంటికి మనిషిని పరుగెత్తించింది. వచ్చింది తేనె. నీళ్లలో కలిపి, ఆయన్ను నిటారుగా కూర్చోబెట్టి, ముందు ఒక చెంచా పోసి గుటక పడుతోందో లేదో గొంతు మీద చెయ్యి పెట్టి చూసింది. "గుటక వేయలేకపోతే నోట్లో ఏదీ పోయకూడదక్కా, ఊపిరితిత్తుల్లోకి పోద్ది" అని నాకు చెబుతూనే, కొంచెం కొంచెంగా గ్లాసంతా తాగించింది. పావుగంట ఆగి మళ్లీ ఇంకొంచెం ఇచ్చింది. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లున్న ప్రతి ఒక్కరూ ఈ వరస గుర్తుపెట్టుకోవాలని నా మనవి. ముందు తొందరగా ఒంటికి పట్టే తీపి, ఆగి చూడటం, తేరుకున్నాక కడుపులో నిలిచే తిండి. ఆ తిండి కూడా వాళ్లే పెట్టారు. ఆమె అత్తగారు కుండతో చోడి అంబలి తెచ్చి, అడ్డాకు దొన్నెల్లో మా అందరికీ పోసింది. పిల్లలు రెండోసారి అడిగి తాగారు.

ఈలోగా ఆ ఊరి కుర్రాడొకడు ఎవరూ చెప్పకుండానే బైకు తీసి, సిగ్నల్ దొరికే చోటికి వెళ్లి 108కి ఫోన్ చేశాడు. చేసి ఊరుకోలేదు. అంబులెన్స్‌కు దారిలో ఎదురెళ్లి, మేమున్న మలుపు దాకా ముందు నడిచి తీసుకొచ్చాడు. అంబులెన్స్‌లోని టెక్నీషియన్ వేలు గుచ్చి చూస్తే షుగర్ అప్పటికి మామూలుకు దగ్గరగా వచ్చింది. "మీరు ఇచ్చింది సరైన వైద్యమేనండీ, నేనైనా ముందు అదే చేసేవాణ్ణి" అని ఆయన ఆ ఆశా కార్యకర్తతో అందరి ముందూ అన్నారు. ఆ మాట ఇక్కడ కూడా పడాలని రాస్తున్నాను. స్ట్రెచర్ ఎక్కుతూ మామయ్య మా చిన్నోణ్ణి దగ్గరికి పిలిచి, "రాజవొమ్మంగి రా, మూడోది రాజవొమ్మంగి" అన్నారు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

అత్తయ్య, మామయ్య అంబులెన్స్‌లో మారేడుమిల్లి వెళ్లారు. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరమ్మ, నర్సులు సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉన్నారు. ఇన్సులిన్ మోతాదు, భోజనం వేళలు అత్తయ్యకు కాగితం మీద బొమ్మలేసి మరీ చెప్పారట. ఆ కాగితం ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంది.

బయల్దేరబోతూ మావారు ఆ ఇంటివాళ్లకు డబ్బు ఇవ్వబోయారు. ఆ పెద్దావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. "తేనెకు డబ్బులు జీసీసీకి అమ్మినప్పుడు తీసుకుంటాం బాబూ, మనిషి ప్రాణానికి కాదు" అంది. గిరిజన సహకార సంస్థ వాళ్లు కిలోల్లో కొనే ఆ తేనె కోసం చెట్లెక్కి తేనెటీగలతో ఎంత ప్రమాదం పడతారో ఆ ఊరి వాళ్లే చెప్పారు. అలాంటి తేనెలోంచి సీసాడు తీసి మాకు పోశారు.

మెకానిక్ గురించి చెప్పాలి. కాగితం అందగానే సహాయకుణ్ణి వెంటబెట్టుకుని బైకు మీద వచ్చాడు. మా కారు గొట్టం అతని దగ్గర ఉండే అవకాశమే లేదు. చీలిన ముక్కను కోసేసి, పాత ట్రాక్టర్ గొట్టం ముక్క ఒకటి మధ్యలో దూర్చి, నాలుగు క్లాంపులు బిగించాడు. మూత పూర్తిగా బిగించలేదు. ఒత్తిడి తక్కువుంటే అతుకు నిలుస్తుందన్నాడు. ఏసీ ఆపించి హీటర్ పెట్టించాడు. ఇంజిన్ వేడిలో కొంత ఆ దారిన బయటికి పోతుందట. చెమటలు కక్కుకుంటూ, అద్దాలన్నీ దించి వెళ్లాం. దారంతా అతను మా వెనకే బైకు మీద వచ్చి, మధ్య మధ్య ఆపించి నీళ్లు చూసి, టైగర్ క్యాంపు దాటించి చీకటి పడేలోపు మారేడుమిల్లి చేర్చాడు. అసలు గొట్టం రాజమండ్రిలో తెలిసిన షాపుకు ఫోన్ చేసి, మర్నాడు పొద్దున్న మొదటి బస్సులో వేయించాడు. తీసుకున్నది గొట్టం ఖరీదు, న్యాయమైన కూలి. అంతకంటే రూపాయి ఎక్కువ తీసుకోలేదు.

ఆ రాత్రి మారేడుమిల్లిలో గదులన్నీ నిండిపోయాయి. కార్తీకంలో అక్కడ అంతే. బొంగు చికెన్ అమ్ముకునే ఒక దంపతులు తమ ఇంట్లోనే ముందు గది మాకిచ్చి, వాళ్లు పిల్లలతో వెనక వరండాలో పడుకున్నారు. మామయ్య కోసం కారం, నూనె లేకుండా వేరే వండిపెట్టారు.

మర్నాడు రంపచోడవరం, గోకవరం, జగ్గంపేట మీదుగా కాకినాడలో మా పిన్ని వాళ్లింటికి చేరాం. మిగతా ప్రయాణం హాయిగా సాగింది. ఉప్పాడ దగ్గర సముద్రం ఒడ్డును కోసుకుపోతూ ఉంటుంది, అక్కడ నిలబడాలంటే చోటు చూసుకోవాలి. వలలు సర్దుకుంటున్న జాలర్లు మా అత్తయ్యను చెయ్యి పట్టుకుని మంచి చోట దింపి, అలలో పాదాలు తడుపుకునేదాకా పక్కనే నిలబడ్డారు. వాళ్లకు కూడా నా దండాలు.

ఆ దారిన షికారుకు వెళ్లేవాళ్లను ఒకటి కోరుతున్నాను. సోకులేరు దగ్గర, వాగుల పక్కన ప్లాస్టిక్ సీసాలు, ప్లేట్లు గుట్టలుగా చూశాం. మామయ్యకు తేనె కలిపిన నీళ్లు ఆ కొండ మీది ఊటవి. అవి తాగి బతికే ఊళ్లు కింద ఉన్నాయి. మీ చెత్త మీ కారులోనే వేసుకుని ఊరు చేరాక పారేయండి. ఆ ఊళ్లకు ఫోన్ సిగ్నల్ ఇవ్వాల్సినవాళ్లు త్వరగా ఇవ్వాలి. మాకు ఒక్క పూట లేకపోతేనే ఇంత అయింది, అక్కడ నెలలు నిండిన ఆడవాళ్లు, చంటిపిల్లల తల్లులు ఏడాదంతా ఉంటున్నారు.

ఆ ఆశా కార్యకర్త చేసిన మేలు గురించి ఆమె పనిచేసే ఆసుపత్రికి ఉత్తరం రాశాం. బస్సు సిబ్బంది గురించి వాళ్ల డిపోకు టికెట్ కాగితం ఫొటో జతచేసి మరొకటి పంపాం. లారీ అన్న, క్లీనర్ తమ్ముడు మాత్రం ఎలా దొరుకుతారో తెలియడం లేదు. జగదల్‌పూర్ దాకా వెళ్తున్నామన్నారు. ఆ రూటులో లారీలు నడిపేవాళ్లు ఎవరైనా ఈ సంగతి డ్రైవర్ల మధ్య చెప్పి పెడితే మేలు. తాతకు ఎలా ఉందో కబురు చెయ్యమని ఆ ఊళ్లో అందరూ మరీ మరీ అడిగారు. మామయ్య బాగున్నారు. రోజూ వేళకు తింటున్నారు. వేసవి లోపు మీ ఊరికి వస్తామని చెప్పమన్నారు.