సముద్రపు అడుగు మ్యాపులు రేవు దాకా రావాలి

ప్రపంచ సముద్రాల అడుగులో సోనార్‌తో, అంటే శబ్ద తరంగాలు పంపి, కొలిచింది పావు వంతు పైచిలుకే, మిగతాదంతా చాలావరకు ఉపగ్రహాల అంచనా. ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు దింపే మత్స్య-6000 జలాంతర వాహనం మన చెన్నై పళ్లికరణైలోనే తయారవుతోంది, సంతోషం. కానీ అంటార్కిటికాలో 1989లో మైత్రి, 2012లో భారతి పరిశోధన కేంద్రాలు తెరిచిన దేశం ఇంకా అద్దె ఓడల మీదే అక్కడికి వెళ్తోంది. ధ్రువ సముద్రాల అడుగు మట్టి తీసి చదవాలంటే సొంత ఓడ ఉండొద్దా? ఇక్కడ కాశిమేడు చేపల రేవులో తెలుగు జాలర్లకు అడుగున రాళ్లెక్కడున్నాయో వల చిరిగాకే తెలుస్తోంది. సునామీ అల ఎంత ఎత్తు లేస్తుందన్నదీ తీరం దగ్గరి లోతుల మీదే చాలావరకు ఆధారపడుతుంది. 2004 చూసిన ఊరికి ఇది వేరే చెప్పాలా! ధ్రువ పరిశోధన నౌకకు కేంద్రం గడువు ప్రకటించాలి. తీరం లోతుల మ్యాపులను తెలుగు, తమిళాల్లో రేవు గోడ మీదే పెట్టాలి.

— ఒక పాఠకుడు, రాయపురం, చెన్నై