స్ట్రెస్ రిలీవింగ్ చేయకుండానే చేసినట్టు సర్టిఫికెట్: మీ సమాధానం మాకు సమ్మతం కాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
బెంగళూరు.

విషయం: మా ఇత్తడి గొట్టాల లాటుకు డబ్బు తీసుకుని చేయని స్ట్రెస్ రిలీవింగ్ (లోహంలో బిగుసుకుపోయిన ఒత్తిడిని తక్కువ వేడితో తీసే పని) గురించి ఫిర్యాదు.

అయ్యా,

పీణ్యలోని మా ప్రెస్ షాపు నుంచి రాస్తున్నాను. సోలార్ వాటర్ హీటర్లలో ఉష్ణోగ్రత సెన్సరు కూర్చునే ఇత్తడి గొట్టాలు మేం తయారుచేస్తాం. ఒక కొస మూసి, మరో కొస తెరిచి ఉండే ఈ గొట్టాలకు హీట్ ట్రీట్‌మెంట్ కొన్నేళ్లుగా మీ దగ్గరే చేయిస్తున్నాం. గత లాటులో చాలా గొట్టాలు పెట్టెల్లో ఉండగానే మూతి దగ్గర నిలువునా నెర్రెలు విచ్చాయి. ఈ సంగతి తెలియజేస్తే మీ క్వాలిటీ విభాగం రెండే వాక్యాల్లో జవాబిచ్చింది. మా గోడౌన్‌లో అమోనియా ఉండటం వల్ల పగిలాయని, మీ పనిలో లోపం లేదని అందులో రాశారు. ఇంగ్లీషులో పంపిన మెయిళ్లకు అంతకు మించి స్పందన రాలేదు. మీరూ తెలుగువారే కాబట్టి, విషయమంతా స్వయంగా మీరే చదవాలని తెలుగులోనే రాస్తున్నాను.

మేం వాడేది 70% రాగి, 30% జింకు ఉన్న ఇత్తడి రేకు. రైఫిల్ తూటాల తొడుగులు చేసేదీ దీనితోనే. గుండ్రటి బిళ్ల కోసి, మొదటి డ్రాలో, అంటే ప్రెస్ అచ్చులో నొక్కి, గిన్నెలా లాగుతాం. ఆ ఒక్క దెబ్బకే వ్యాసం దాదాపు సగానికి తగ్గుతుంది, లోహం బాగా గట్టిపడుతుంది. అలాగే మళ్లీ లాగితే అడుగు ఊడిపోతుంది. అందుకే మధ్యలో 550 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర అనీలింగ్ (వేడిచేసి లోహాన్ని మెత్తబరచడం) చేయించి, యాసిడ్‌లో శుభ్రం చేసి, తర్వాతి డ్రాకు పంపుతాం. ఈ మధ్య దశ పనిలో మీ మీద మాకు ఏనాడూ ఫిర్యాదు లేదు. వేడి ఎక్కువై లోహంలోని రేణువులు పెరిగితే పైభాగం నారింజ తొక్కలా గరుకుతేలుతుంది. మీరు పంపిన సరుకులో అది ఎప్పుడూ కనబడలేదు. మీ మనుషులకు పని వచ్చు. మాకు ఎక్కువ బాధ కలిగిస్తున్నది కూడా అదే.

గొడవంతా చివరి డ్రా తర్వాత జరగాల్సిన పని గురించి. అప్పుడు పూర్తి అనీలింగ్ చేయకూడదు. చేస్తే గోడ మెత్తబడి, నట్టు బిగించినప్పుడు గొట్టం నలిగిపోతుంది. గట్టిదనం అలాగే ఉండాలి, లోపల బిగుసుకుపోయిన ఒత్తిడి మాత్రం పోవాలి. దానికి 260 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే చాలు. మా ఆర్డరులో ఈ ఉష్ణోగ్రత, ఈ సమయం స్పష్టంగా రాసి ఉన్నాయి. మీ బిల్లులో ఆ పనికి విడిగా ఛార్జీ ఉంది. ‘స్ట్రెస్ రిలీవింగ్ పూర్తయింది’ అని మీ సర్టిఫికెట్ మీద ముద్ర ఉంది.

ఆ సర్టిఫికెట్‌లో రుజువుగా చూపింది హార్డ్‌నెస్ (గట్టిదనం) అంకె ఒక్కటే. 260 డిగ్రీల పనికి హార్డ్‌నెస్ సాక్ష్యం చెప్పలేదు. ఆ పని చేసినా, చేయకపోయినా అంకె ఇంచుమించు అదే వస్తుంది. ఈ సంగతి తెలిసినవాళ్లు ఆ అంకె చూపి పని జరిగిందని సంతకం చేయరు.

నిజం తేల్చుకోవడానికి మా షాపులోనే ఒక పరీక్ష చేశాం. మీ దగ్గర నుంచి తిరిగొచ్చిన గొట్టం మూతి భాగం నుంచి 10 మిల్లీమీటర్ల వెడల్పున ఉంగరంలా ఒక ముక్క కోశాం. దాని వ్యాసం మైక్రోమీటరుతో కొలిచి, సన్నటి రంపంతో ఒకచోట అడ్డంగా తెగ్గోశాం. రంపం పళ్లు లోపలి అంచు దాటగానే టిక్కుమని ఉంగరం విచ్చుకుంది. రంపపు కోత కంటే చీలిక స్పష్టంగా వెడల్పైంది. మళ్లీ కొలిస్తే వ్యాసం పెరిగింది. అసలు మీ దగ్గరకే పంపని గొట్టం నుంచి మరో ఉంగరం కోసి చూస్తే అదీ అంతే విచ్చుకుంది. రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెడితే ఏది మీ ఫర్నేస్ చూసిందో, ఏది చూడలేదో మా షాపులో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ తర్వాత మరో గొట్టాన్ని మా చిన్న ఓవెన్‌లో 260 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, చల్లారాక అదే విధంగా కోశాం. ఆ ఉంగరం దాదాపు కదలలేదు, రంపం పోయినంత మేరే సందు మిగిలింది. ఈ మూడు ఉంగరాలనూ చీటీలు కట్టి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మీ చేతుల్లోకి తీసుకుని చూడండి.

ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో మెర్క్యురస్ నైట్రేట్ పరీక్ష కూడా చేయించాం. ఆ ద్రావణంలో అరగంట ముంచితే, ఒత్తిడి మిగిలిన ఇత్తడి పగుళ్లు చూపుతుంది. మీరు పంపినవి పగిలాయి, మా ఓవెన్‌లో పెట్టినవి పగల్లేదు. నివేదిక జతచేశాను.

ఇక మీవాళ్లు చెప్పిన అమోనియా మాట. అమోనియాకు ఇత్తడి పగులుతుందన్నది నిజమే, కానీ అది సగం నిజం. బ్రిటిష్ ఇండియా కాలంలో, వానాకాలంలో గుర్రపుశాలల దగ్గర నిల్వచేసిన తూటాల ఇత్తడి తొడుగులు పగిలిపోయేవి. గుర్రపు మూత్రం నుంచి వచ్చే అమోనియా, గాలిలో తేమ, తయారీలో తొడుగులో మిగిలిపోయిన ఒత్తిడి కలిసినప్పుడే ఈ పగుళ్లు వస్తాయని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు పరిశోధకులు వివరించారు. తక్కువ వేడితో ఒత్తిడి తీసేయడం దీనికి విరుగుడని నూరేళ్లుగా ఈ వృత్తిలో అందరికీ తెలుసు. గాలిని ఎవరూ అదుపు చేయలేరు. ఒత్తిడిని తీయగలం. అది తీయడానికే మీకు డబ్బిచ్చాం.

పైగా మా గొట్టాలు ఎప్పటికీ గోడౌన్‌లోనే ఉండవు. బెంగళూరు మేడల మీద, హీటరు ట్యాంకుల పక్కన ఏళ్ల తరబడి ఉండాలి. అక్కడ పావురాల రెట్టలుంటాయి, పక్కనే మురుగు గొట్టాల గాలి ఉంటుంది. ఈ నెర్రెలు గోడౌన్‌లో బయటపడటమే నయమైంది. మేడ మీద విచ్చితే నీళ్లు సెన్సరులోకి దిగుతాయి. బ్యాకప్ కాయిల్ (కరెంటుతో నీళ్లు వేడిచేసేది) ఎప్పుడు ఆగాలో చెప్పేది ఆ సెన్సరే. స్నానాల గదిలో కుళాయి తిప్పే మనిషి ఆ గొట్టాన్ని ఎన్నడూ చూడరు. మనిద్దరం సరిగ్గా పనిచేశామన్న నమ్మకం మీదే వాళ్లు వేడి నీళ్లు పట్టుకుంటారు.

సైనిక రైఫిల్ తూటాల తొడుగులకు మెడ భాగాన్ని మాత్రమే అనీల్ చేస్తారు. అడుగు మెత్తబడితే పేలుడు ఒత్తిడికి నిలవదు కాబట్టి అక్కడికి వేడి పోనివ్వరు. ఆ వేడికి మెడ మీద పట్టిన రంగును పాలిష్ చేయకుండా వదిలేయడం చాలా సైనిక తూటాల మీద చూస్తాం. పని జరిగిందని చూడగానే తెలుస్తుంది. 260 డిగ్రీల పనికి అంత స్పష్టమైన గుర్తు మిగలదు. అందుకే ఫర్నేస్ చార్టు, అంటే లోపల ఎంత వేడి ఎంతసేపు ఉందో చూపే నమోదు, అడుగుతున్నాం. ఈ లాటు చార్టు ఇవ్వమని ఎన్నిసార్లు కోరినా మీవాళ్లు ఇవ్వలేదు. అది ఉంటే ఈపాటికి మా ముందు పెట్టేవారు.

కాబట్టి మేం కోరుతున్నది ఇది. ఈ లాటుకు స్ట్రెస్ రిలీవింగ్ జరగలేదని లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి. జాబ్ వర్క్ ఛార్జీతోపాటు, పాడైన గొట్టాల రేకు ఖరీదు, ప్రెస్ ఖర్చు చెల్లించాలి. పగలకుండా మిగిలినవాటిని ఇప్పుడు వేడిచేసి సరిపెడతామని మీ సూపర్‌వైజరు ఫోనులో అన్నారు. దానికి మేం ఒప్పుకోం. కంటికి కనబడని నెర్రె ఇప్పటికే మొదలై ఉంటే ఏ వేడీ దాన్ని అతకదు. ఆ లాటు మొత్తం తుక్కు కిందే పోవాలి. ఇకమీదట ప్రతి లాటుకూ థర్మోకపుల్ (ఫర్నేస్ లోపలి వేడి కొలిచే సాధనం) చార్టు, ఒక ఉంగరం పరీక్ష ఫలితం జతచేయాలి.

అన్నిటికంటే ముఖ్యం, అదే రోజుల్లో అదే ఫర్నేస్‌కు ఇత్తడి పనులు పంపిన మిగతా కస్టమర్లందరికీ మీరే కబురు పెట్టాలి. వాళ్ల సరుకు గ్యాస్ ఫిట్టింగుల్లోకి వెళ్లి ఉండవచ్చు, మరెక్కడికైనా వెళ్లి ఉండవచ్చు. నష్టపరిహారం గురించి మనం కూర్చుని మాట్లాడుకోవచ్చు, ఈ ఒక్క విషయంలో బేరం లేదు.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా మీ సంతకంతో సమాధానం రావాలి. రాకపోతే ప్రయోగశాల నివేదికతో సహా లాయరు నోటీసు పంపుతాం.

ఇట్లు,
ప్రొప్రైటర్,
ప్రెస్ షాపు, పీణ్య, బెంగళూరు.

జతపరచినవి: చీటీలు కట్టిన మూడు ఉంగరాలు, ప్రయోగశాల నివేదిక, మా ఆర్డరు, మీ బిల్లు, సర్టిఫికెట్ నకళ్లు, పగిలిన గొట్టాల ఫోటోలు.